తలుపుకెదురుగా కూర్చునే టీచరమ్మ

మల్లవ్వ మొన్న మా ఇంటికి వచ్చింది. మనవడి పెళ్ళిపత్రిక చేతిలో పెట్టి, చాయ్ తాగి, లేచి గడప దాకా పోయి ఆగింది. "నీకు తెల్సో తెల్వదో, టీచరమ్మ పోయింది. భైంసాల. ఎండకాలంలనే పోయిందట," అంది. ఎవరు చెప్పారని అడిగితే బస్సులో ఎవరో చెప్పారంది. ఎట్లా పోయిందంటే తెలియదంది.  పెళ్ళికి తప్పకుండా రమ్మని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయింది.

చనిపోయిన మనిషిని తలచుకుంటే ముందుగా ముఖం కళ్ళ ముందుకు రావాలి. నాకు మాత్రం ఆమె కూర్చునే తీరు గుర్తొచ్చింది. శ్రీరాంపూర్‌లో మేమున్న గని కార్మికుల వాడలో, చివరి వరుస ఇళ్ళు దాటాక, రేకుల కప్పు వేసిన ఒక గది బాలవాడి, చిన్నపిల్లల బడి. ఆ గదిలో ఆమె ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని, తలుపుకెదురుగా కూర్చునేది. పాట నేర్పుతున్నా, గోధుమరవ్వలో రాళ్ళు ఏరుతున్నా, ఏ పిల్లకో జడ వేస్తున్నా అంతే. బయట చెప్పుల చప్పుడైతే మాట ఆగిపోయేది. వచ్చింది ఎవరో చూశాకే ఆగిన చోటి నుంచి మళ్ళీ అందుకునేది. పిల్లలకు అది అలవాటైపోయింది. టీచరమ్మ ఆగితే వాళ్ళూ నోరు మూసుకుని తలుపువైపు చూసేవాళ్ళు. మొదటిసారి నేను ఆ గది ముందుకు పోయి నిలబడ్డప్పుడు, లోపలున్న అన్ని కళ్ళూ ఒక్కసారి నా మీదికి తిరిగితే ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆమె పేరు నాకు తెలుసు. ఆ పేరుతో మేమెవరమూ ఆమెను పిలవలేదు కాబట్టి ఇక్కడా రాయను. మల్లవ్వ ఆమె దగ్గర ఆయాగా పనిచేసేది. నా కూతురు పద్మ అక్కడ పెరిగింది.

మాది సుల్తానాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు. మా ఆయనకు బొగ్గుబాయిలో పని దొరికాక శ్రీరాంపూర్ వచ్చాం. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. పద్మ అక్కడే పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. నాలుగేళ్ళు వచ్చినా గోడ పట్టుకుంటే తప్ప నిలబడేది కాదు. మెడ ఒక పక్కకు వాలిపోయేది, నోటి చివర నుంచి చొంగ కారుతూనే ఉండేది. మాటలు లేవు, గొంతులో ఒక కూత తప్ప. మా అత్త చెడ్డది కాదు. పద్మకు వేడినీళ్ళు పోసి, నూనె రాసి, కాళ్ళు పిసికేది ఆమే. కానీ వాకిట్లో ఎవరి అడుగు చప్పుడైనా పిల్లను చంకనేసుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసేది.

టీచరమ్మ బాలవాడికి పిల్లల్ని పిలవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చిన రోజు కూడా అత్త అదే పని చేసింది. పద్మను వంటింట్లో కూర్చోబెట్టి తాను వచ్చి గడపలో నిలబడింది. టీచరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. చీర కొంగు నడుముకు బిగించి, చంకలో నల్లగొడుగు పెట్టుకుని ఉంది. మాటలో మరాఠీ యాస.

"మీ ఇంట్ల చిన్నపిల్లలు ఎవలన్న ఉన్నరా అవ్వా?"

"లేరు," అంది అత్త.

అదే సమయానికి లోపలి నుంచి పద్మ కూత వినిపించింది. టీచరమ్మ తల వంచి వింది.

"అదేంది?"

"పిల్లి," అంది అత్త.

టీచరమ్మ నవ్వలేదు. "పిల్లికి ఎన్నేండ్లు?" అని అడిగింది.

అత్త నావైపు చూసింది. నేను నాలుగు అని చెప్పేశాను.

"మంచిది. రేపు పొద్దుగాల పిల్లిని తోల్కరాండ్రి. గిన్నె, చెంచ తెచ్చుకొమ్మనుండ్రి," అని చెప్పి పక్కింటికి పోయింది.

తోలుకుపోవద్దని అత్త ఆ రాత్రంతా గునిసింది. మా ఆయన మాత్రం ఒక్క రోజు చూద్దాం అన్నాడు. నేను పద్మను ఎత్తుకుని పోయేసరికి వాకిట్లో ఉన్న తల్లులు పక్కకు జరిగారు. మర్యాద కోసం జరగడం వేరు, తగలకూడదని జరగడం వేరు. చీర కొంగులు దగ్గరికి లాక్కోవడం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అందులో ఒకామె, "పాపం," అంది.

టీచరమ్మ లోపలి నుంచే ఆ మాట వింది. "ఆ పాపాన్ని చెప్పులకాడ ఇడిసి రాండ్రి. ఈడ పాపాలు లేవు, పిల్లలున్నరు," అంది. గొంతు పెంచలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె నోట అదే మాట విన్నాను. పెద్ద అధికారి వచ్చి పద్మ తల నిమిరి పాపం అన్నప్పుడు కూడా అదే అంది. ఆయన నిజంగానే తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

మొదటి రోజు పద్మ చొంగ చూసి పిల్లలు మొహం తిప్పుకున్నారు. ఒకడు ఓకరించాడు. ఆమె ఎవరినీ తిట్టలేదు. మరునాడు తల్లులందరినీ పాత చీరముక్కలు అడిగి తెప్పించి, ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రొమ్ము మీద ఒక గుడ్డ మడిచి పిన్నీసుతో పెట్టింది. పద్మకూ పెట్టింది. వారం తిరిగేసరికి పద్మ గుడ్డ ఏదో, మిగతా వాళ్ళ గుడ్డ ఏదో తేడా తెలియలేదు. అందరి ముక్కులూ కారేవే.

సలీం అనే పిల్లవాడు ఉండేవాడు. వాడికి పుట్టు చెవుడు. వాడిని పిలవాలంటే ఆమె అరికాలితో నేల మీద గట్టిగా కొట్టేది. ఆ అదురు కాళ్ళకు తగిలి వాడు తిరిగి చూసేవాడు. పిల్లలంతా ఆ పద్ధతే నేర్చుకున్నారు. కొన్నాళ్ళకు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలవడం మానేసి నేలను తన్నడమే మొదలుపెట్టారు. ఇళ్ళల్లో కూడా తన్నేవాళ్ళు. ఎవరైనా పడితే ఆమె పరుగెత్తేది కాదు. కూర్చున్న చోటి నుంచే "కాయ్ ఝాలా బాళా?" అని మరాఠీలో అడిగేది. ఏమైంది నాయనా అని. ఏమీ కాలేదన్నట్టు పిల్ల లేచి వచ్చేది. పద్మకు లేవడం రాదు. ఆమె అడిగి, చూసి, ఊరుకునేది.  పద్మ గోడ దాకా పాకి, గోడ పట్టుకుని లేచేవరకు ఆమె అట్లా చూస్తూనే ఉండేది.

ఆమె భర్త భైంసాలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. అప్పుడప్పుడూ పోయి వచ్చేది. వచ్చేటప్పుడు ఒక సంచి నిండా రాలుదూది తెచ్చేది. ఆ దూది కూరి గుడ్డ బొమ్మలు కుట్టేది. ఒక బొమ్మకు ఒక కాలు పొట్టి. ఒక బొమ్మకు చెవులే కుట్టలేదు. ఇంకొక బొమ్మ మెడ పక్కకు వాలేలా కుట్టి, రొమ్ము మీద గుడ్డముక్క పెట్టి చిన్న పిన్నీసు గుచ్చింది. అది పద్మ బొమ్మ. కానీ దాన్ని ఎక్కువగా మోసింది పద్మ కాదు, శ్రీను.

శ్రీను మూడో వరుసలోని సత్తవ్వ కొడుకు. వాడి తండ్రి బాయిలో కప్పు కూలి చనిపోయాడు. సత్తవ్వ, శ్రీను ఆ తర్వాత శ్రీను పెద్దబాపు, అంటే తండ్రి అన్న, ఓదెలు ఇంట్లోనే ఉన్నారు. ఓదెలుకు పిల్లల్లేరు. భారీ మనిషి, మాట తక్కువ. వాడలో తగాదా వస్తే ఆయన వచ్చి నిలబడితే చాలు, సద్దుమణిగేది. షిఫ్టు దిగగానే స్నానం కూడా చేయకుండా వచ్చి, శ్రీనును భుజం మీద కూర్చోబెట్టుకుని వాడంతా తిప్పేవాడు. బొగ్గుమసి అంటిన ఆ పెద్ద తల మీద శ్రీను చేతులు పెట్టుకుని కూర్చునేవాడు.

శ్రీనుకు పద్మ అంటే ఎందుకో ఇష్టం. పక్కనే కూర్చునేవాడు. పద్మ గిన్నెలోంచి తినేవాడు, తన గిన్నెలోది పద్మకు పెట్టేవాడు. సత్తవ్వ ఒకసారి అది చూసి గబుక్కున వాడి చేయి లాగేసింది. టీచరమ్మ చూసింది.

నల్లా దగ్గర మాటలు మొదలైంది ఆ వానాకాలంలోనే. బిందెల వరుసలో నా వంతు వచ్చేసరికి మాటలు ఆగేవి. ఆగేలోపు కొన్ని చెవిన పడేవి. ఆమె ఒంటరిగా ఎందుకుంటది. గీ అవిటి పిల్లలనే ఎందుకు ఏరుకొస్తది. గా బొమ్మలేంది. ఆ బాలవాడిల పిల్లలు నోటితోని మాట్లాడుతలేరట, కాళ్ళతోని నేల కొడుతున్నరట. కడుపుతో ఉన్న ఒకామె బాలవాడి ముందునుంచి పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేది. ఒకరోజు పొద్దున బాలవాడి గడప మీద కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపించింది. మల్లవ్వ భయపడి లోపలికి రానంది. టీచరమ్మ దాన్ని కాలితో పక్కకు నెట్టి తలుపు తీసింది. కానీ ఆ రోజు ఏరిన రవ్వనే మళ్ళీ మళ్ళీ ఏరింది.

నేను పక్కనే కూర్చుని ఏరుతున్నాను. మల్లవ్వ నీళ్ళకు పోయింది. పిల్లలు ఆడుకుంటున్నారు. అడగకుండానే ఆమె చెప్పింది.

"చెల్లె, నన్ను కన్న అవ్వ మంత్రసాని. మా తమ్మునికి మూర్ఛలు వస్తుండె. ఊర్ల ఒక పెద్ద రైతు కోడలుకు కాన్పు చేస్తే పిల్ల సచ్చిపుట్టింది. ఇంట్ల మూర్ఛల పోరన్ని పెట్టుకోని మంత్రాలు చేస్తుందన్నరు. పట్టపగలు వచ్చిన్రు. అప్పుడు నేను పొయ్యికాడ రొట్టెలు కొడుతున్న. తలుపుకు ఈపు పెట్టి కూసున్న. ఎవలు వచ్చింది సూడలే."

"ఏం చేసిన్రు?"

"పండ్లు పీకిన్రు. అన్నీ. పండ్లు లేకుంటే మంత్రం పలుకరాదట."

ఆమె రవ్వలో నుంచి ఒక నల్లరాయి తీసి పక్కన పెట్టింది. "అవ్వ ఇంక శాన ఏండ్లు బతికింది. రొట్టె నీళ్ళల్ల నానవెట్టి నేనే తినిపిస్తుంటి. మా తమ్ముడు మాత్రం ఆ ఏడే పోయిండు. ఎవలు ఎత్తుకోకపోయిన్రు వాన్ని."

ఆమె మాటలు ఆగిపోయాయి. తలుపు దగ్గర ఎవరో ఉన్నారేమోనని నేను కూడా అటు చూశాను. ఎవరూ లేరు. ఎండ పడుతోంది, అంతే.

వెళ్ళిపొమ్మని చెప్పాను. "మీ ఊరికి పో అక్కా. ఈడ మంచిగ లేదు," అన్నాను.

"పోత. నేను పోతే పద్మ ఏడ కూసుంటది?" అంది.

 నిజం చెప్పాలంటే ఆమె సరేనంటుందేమోనని పొమ్మంటున్నప్పుడే భయపడ్డాను.

ఆ తర్వాత శ్రీనుకు జ్వరం వచ్చింది. ఒక రాత్రి ఇంట్లో కాలిపోయి, పొద్దున తగ్గినట్టు కనిపిస్తే సత్తవ్వ బాలవాడిలో దింపిపోయింది. పద్మ పక్కన కూర్చున్నాడు. ఉప్మా ముద్ద నోట్లో పెట్టుకోబోతూ వెనక్కి విరుచుకుపడ్డాడు. కళ్ళు తేలేశాడు. మెడ పక్కకు వంగి బిగుసుకుపోయింది. టీచరమ్మ వాడిని ఒత్తిగిలించి, నోట్లోది తీసి, చేతుల మీద వేసుకుని పరుగు తీసింది. ఆమె పరుగెత్తడం అందరం అదే మొదటిసారి చూడటం. వాడి చేతిలోని బొమ్మ దారిలో పడిపోయింది. మెడ వాలిన బొమ్మ.

మంచిర్యాల దవాఖానలో మెదడువాపు అన్నారు. ఆ ఏడు ఆ జ్వరం చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ ఉంది. అయినా వాడలో ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. బొమ్మ ఓదెలు చేతికి చేరింది. మెడ ఎటు వంగి ఉందో, పిల్లవాడి మెడ అటే వంగింది. బొమ్మ గుండెలో పిన్నీసు ఉంది.

మా ఆయన షిఫ్టులో ఆ మాటలు విని వచ్చి, రేపు పద్మను పంపొద్దన్నాడు. పంపకపోతే ఆమె ఒక్కతే ఉంటుంది అన్నాను.  "నువ్వు గూడ ఆన్నే కూసో," అన్నాడు ఆయన. "నేను మొదటి షిఫ్టు. దిగంగనే వస్త."

ఆయన వచ్చేలోపే వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం, పిల్లలు తినడం అయిపోయింది. చెప్పుల చప్పుడు వినగానే టీచరమ్మ ఎప్పటిలాగే ఆగింది. ఈసారి మళ్ళీ అందుకోలేదు. పిల్లల్ని వెనక గోడ దగ్గరికి జరపమని మల్లవ్వకు సైగ చేసి, లేచి గడపలోకి వెళ్ళి నిలబడింది. బయట ఓదెలు, వెనక మరికొందరు. ఒకతని చేతిలో పటకారు ఉంది. అతను దాన్ని దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"బయటికి రా," అన్నాడు ఓదెలు.

"పిల్లలున్నరు. తల్లులు తీస్కపోంగనే వస్త."

"ఈ బొమ్మ ఎవలు కుట్టిన్రు?"

"నేనే."

"మెడ వంచి ఎందుకు కుట్టినవ్?"

"పద్మ మెడ గట్లనే ఉంటది. పద్మకు గూడ ఒక బొమ్మ ఉండాలె గద."

"గుండెల పిన్నీసు ఎందుకు గుచ్చినవ్?"

"గుడ్డ పడిపోకుండ."

ఆమె చెప్పిన ప్రతి జవాబూ నిజమే. కానీ అక్కడ నిలబడ్డ వాళ్ళకు ప్రతి జవాబూ ఒప్పుకోలులాగే వినిపిస్తోందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది. ఓదెలు అరవడం లేదు. కళ్ళు వాచి ఉన్నాయి, దవాఖాన వరండాలో నిద్రలేక. అరిస్తే ఇంత భయం వేసేది కాదు.

పటకారు మనిషి ముందుకు వచ్చి ఆమె చేయి పట్టి గుంజాడు. ఆమె దర్వాజా పట్టుకుంది. అతను ఇంకా గట్టిగా గుంజేసరికి పట్టు తప్పి, ఆమె నోరు దర్వాజా చెక్కకు కొట్టుకుంది. రక్తం గదుమ మీదికి కారింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. సలీం అది చూశాడు. వాడికి ఏమీ వినపడదు, రక్తం మాత్రం కనపడింది. వాడు లేచి, ఆమెను పిలవడానికి, అరికాలితో నేల మీద కొట్టాడు. ఆమె తిరగలేదు. మళ్ళీ కొట్టాడు. వాడిని చూసి మిగతా పిల్లలూ కొట్టారు. పద్మ గోడ పట్టుకుని లేచి తన వంకర కాలుతో కొట్టింది. ఒక్కరూ ఏడవడం లేదు, ఒక్కరూ మాట్లాడటం లేదు. అన్ని కాళ్ళూ కలిసి నేలను కొడుతుంటే పైన రేకులు అదిరాయి. బయట నిలబడ్డ వాళ్ళలో ఒకరిద్దరు వెనక్కి జరిగారు. పటకారు మనిషి చేయి వదిలేశాడు. వాళ్ళేమనుకున్నారో నాకు తెలుసు. వాళ్ళు అనుకుంటున్నదే నిజమని ఆ క్షణాన వాళ్ళకు రుజువైంది. ఆమెను కాపాడింది ఆ భయమే.

నా అరుపు విని మా అత్త వచ్చింది. మనుషులను తోసుకుని లోపలికి పోయి, పద్మను ఎత్తుకుని, వచ్చి గడప మీద కూర్చుంది. అందరూ చూసేలా పిల్లను ఒళ్ళో పెట్టుకుంది. "దాటి పోతరా? పోండ్రి," అంది.

ఓదెలు మా అత్తవైపు చూడలేదు. "రేపటికల్ల ఈడ ఉండద్దు నువ్వు," అని టీచరమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు. బొమ్మ అతని చేతిలోనే ఉంది.

పోలీస్ స్టేషన్‌కు పోదాం అన్నాడు షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన. ఆమె ఒప్పుకోలేదు. "పోతే కొట్లాట జాగ అని బాలవాడి మూస్తరు. నన్నేడికో పంపుతరు. పిల్లలను ఏడికి పంపుతరు?" అంది. పెదవి వాచి మాట సరిగా రావడం లేదు. ముందరి పన్ను సగం విరిగింది. నేను పసుపు అద్దుతుంటే, "మా అవ్వకు అన్నీ పోయినయి. నాకు అరపన్ను," అంది. నవ్వాలని చూసి నొప్పికి ఆగిపోయింది.

మరునాడు పొద్దున తలుపు తీసింది. పద్మ, సలీం, ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. మిగతావాళ్ళు రాలేదు. ఖాళీ చాపలు అట్లాగే పరిచింది. రోజూ పరిచేది.

శ్రీను బతికాడు. చాలా రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. కానీ మునుపటి పిల్లవాడు కాదు. మెడ నిలవదు, చేతులు బిగుసుకున్నాయి, మాట పోయింది. మనుషులను గుర్తుపడుతున్నాడో లేదో తెలియదు. ఓదెలు ఇంటి తలుపు పగలంతా మూసే ఉండేది. భుజం మీద పిల్లవాడితో వాడంతా తిరిగిన మనిషి ఇప్పుడు తల వంచుకుని షిఫ్టుకు పోయి, తల వంచుకుని వచ్చేవాడు. ఆ ఇంటి ముందు నుంచి పోతే లోపలి నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించేది.

టీచరమ్మ ఆ మూలుగు విన్న రోజు నాకు గుర్తుంది. ఆగింది.  నేను కొంగు పట్టుకుని లాగాను. "వద్దక్కా. ఆ ఇంటికి మాత్రం వద్దు," అన్నాను. ఆమె నా చేయి విడిపించుకుని, ముందు తలుపు కాదు, పెరటివైపు పోయింది. సత్తవ్వ గిన్నెలు తోముతోంది. ఆమెను చూసి చేతిలో గిన్నె వదిలేసింది.

"ఓదెలన్న షిఫ్టుకు పోయినంక పిల్లగాన్ని ఇయ్యి. రాకముందుకే తెచ్చిస్త," అంది టీచరమ్మ.  సత్తవ్వ మసిచేతులు చీరకు తుడుచుకుని, లోపలికి పోయి, దుప్పటిలో చుట్టి పిల్లవాడిని తెచ్చింది.

అట్లా కొన్నాళ్ళు నడిచింది. ఆ రోజులు నేను మరచిపోలేను. ఆమె పెరటి దారిన శ్రీనును తెచ్చేది. రవ్వ బస్తాకు ఆనించి, ఒక పక్క సలీంను, ఒక పక్క పద్మను కూర్చోబెట్టేది. వాళ్ళిద్దరి భుజాల మధ్య వాడి తల నిలిచేది. షిఫ్టు సైరన్ కూసే వేళకు ముందే తిరిగి అప్పగించేది. బయట ఆకు కదిలినా మేమందరం ఉలిక్కిపడేవాళ్ళం. మల్లవ్వ దేవుళ్ళకు మొక్కేది. ఓదెలుకు తెలిస్తే ఈసారి పటకారుతో ఆగదని అందరికీ తెలుసు.

ఒకరోజు బాయిలో ఏదో జరిగి పని ఆగింది. మనుషులు షిఫ్టు నడుమనే బయటికొచ్చారు. సైరన్ లేదు. మాకు తెలియదు. తలుపులో నీడ పడింది. ఓదెలు. తల మీద టోపీ తీయలేదు, ముఖమంతా బొగ్గు. కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. అప్పుడు పద్మ శ్రీనుకు తినిపిస్తోంది. దాని చేయి వణుకుతుంది కదా, సగం ఉప్మా వాడి ముక్కుకు, సగం గుడ్డకు అంటింది. ఒక మెతుకు నోట్లోకి పోతోంది. వాడు నోరు తెరిచి ఉంచాడు.

"ఎవలు తెచ్చిన్రు వీన్ని?"

"నేనే ఎత్తుకచ్చిన. సత్తవ్వకు తెల్వది," అంది టీచరమ్మ.

అబద్ధం. అది అబద్ధమని అతనికీ తెలిసి ఉంటుంది. అతను పిల్లవాడివైపు చూస్తున్నాడు.

"నిన్న నవ్విండు," అందామె.

"వాడు నవ్వుడు మర్సిండు."

"నిన్న నవ్విండు. ముక్కుకు పద్మ ఉప్మా పూస్తే."

"ఇయ్యాల నవ్వుతడా?"

"తెల్వదు. నిలవడి సూడు."

అతను నిలబడ్డాడు. పద్మ తినిపిస్తూనే ఉంది. ఎవరూ కదల్లేదు. శ్రీను ఆ రోజు నవ్వలేదు. గిన్నె ఖాళీ అయ్యాక ఓదెలు లోపలికి వచ్చి, వాడిని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక చూస్తే టీచరమ్మ రవిక వెన్నంతా చెమటకు తడిసి అంటుకుపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు శ్రీను రాలేదు. సత్తవ్వ పెరటి తలుపు తీయలేదు. ఏం జరుగుతుందోనని మా ఆయన షిఫ్టు మార్పించుకుని పొద్దుటిపూట మాతో ఉన్నాడు. ఒకనాడు ఓదెలే వచ్చాడు, శ్రీనును భుజం మీద వేసుకుని. చాప మీద దించాడు. బయటికి పోయి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాడు. పిల్లవాడిని తిరిగి తీసుకుపోయేదాకా అక్కడే ఉన్నాడు. మరునాడూ అంతే. షిఫ్టు లేని ప్రతి రోజూ వచ్చి అక్కడ నిలబడేవాడు. కాపలా ఉన్నాడో, ఆమెను కనిపెట్టి చూస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెతో మాట్లాడింది లేదు. క్షమించమన్నది లేదు. శ్రీనును తెస్తున్నారని తెలిసి మిగతా పిల్లలూ మెల్లమెల్లగా తిరిగొచ్చారు. ఓదెలు పంపిస్తుంటే మనమెందుకు పంపొద్దు అనుకున్నట్టున్నారు.

"ఇంక భయం పోయిందా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"పోలే," అంది. "భయం ఉన్నది. పిల్లగాడు గూడ వస్తుండు. రెండు ఉన్నయి."

పద్మ గోడ వదిలి నడవడం నేర్చింది ఆ గదిలోనే. పెద్దబడిలో మొదటి తరగతిలో కూర్చుంది, ఎక్కువ చదవలేకపోయినా కూర్చుంది. శ్రీను నడవలేదు. కానీ నవ్వేవాడు. అది చూసిన వాళ్ళం ఉన్నాం.

టీచరమ్మకు భైంసా దిక్కు బదిలీ అయింది. పోయే రోజు ఎవరినీ పిలవలేదు. గొడుగు, సంచి పట్టుకుని పొద్దున్నే బస్సెక్కిందట. మల్లవ్వ చెబితేనే మాకు తెలిసింది. ఆ తర్వాత నేను ఆమెను మళ్ళీ చూడలేదు.

కొత్త టీచర్ వచ్చింది. చదువుకున్న పిల్ల, నెమ్మదైన మనిషి. గదంతా కడిగించింది, గోడలకు బొమ్మలు అంటించింది. పిల్లల మధ్య శ్రీను సలీం భుజానికి ఒరిగి కూర్చోవడం చూసి, వీళ్ళకు ఇబ్బంది కలగకుండా అంటూ ఒక మూలన వేరే చాప వేసింది. మెత్తగా ఉండాలని కింద దుప్పటి కూడా పరిచింది. శ్రీనును, సలీంను, కొత్తగా చేరిన ఒక పోలియో పిల్లను అక్కడికి మార్చింది. ఆ పొద్దున నేను మల్లవ్వకు సాయంగా రవ్వ ఏరడానికి పోయాను. ఏదో అనబోయాను.

స్తంభం దగ్గర నుంచి ఓదెలు కదిలాడు. ఆ రోజుదాకా పిల్లవాడిని దించడానికీ, ఎత్తుకోవడానికీ తప్ప అతను ఆ గడప దాటలేదు. తిన్నగా లోపలికి వచ్చాడు. పిల్లలు మాట ఆపేశారు. కొత్త టీచర్ చేతిలోని సుద్దముక్క అట్లాగే పట్టుకుని గోడకు ఆనుకుంది. అతను మూలనున్న చాప దగ్గరికి పోయి, వంగి, శ్రీనును ఎత్తుకున్నాడు. వరుస నడుమ ఇద్దరు పిల్లలను చేత్తో జరిపి, వాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. తల ఒరిగిపోకుండా పక్క పిల్లవాడి భుజాన్ని తన పెద్ద చేత్తో సరిగ్గా కుదిర్చాడు. తిరిగి వచ్చి సలీం చేయి పట్టి లేపాడు. ఆ పోలియో పిల్లను కూడా ఎత్తి వరుసలో పెట్టాడు. ఖాళీ అయిన చాప చుట్టి గోడకు నిలబెట్టాడు. వచ్చినట్టే బయటికి పోయి స్తంభం దగ్గర నిలబడ్డాడు.

"ఎవరతను?" అని కొత్త టీచర్ నన్ను మెల్లగా అడిగింది. 

ఆ పిల్లవాడి పెద్దబాపు అని చెప్పాను.